పంచాయతీ భూములు: అమ్మకమా, పెంపకమా?



నేను మాట్లాడే రోజున మామూలుగా మీరు పత్తిలో గులాబీ రంగు పురుగు గురించో, వరి నారుమడి గురించో, భూసార పరీక్షల గురించో నాలుగు మాటలు వినవచ్చునని రేడియో దగ్గర కూర్చుంటారు. ఈనాడు నేను పంట సంగతి చెప్పబోవడం లేదు. ఏ పాసుపుస్తకంలోనూ ఎవరి పేరు మీదా లేని భూమిని గురించి చెప్పబోతున్నాను. మా తెలంగాణ పల్లెల్లో దాన్ని బంచరాయి అంటారు, కొన్నిచోట్ల కంచ అంటారు. పహాణీలో గైరాను అని రాసి ఉంటుంది. కోస్తా జిల్లాల వారు మేత పోరంబోకు అంటారు, మందబయలు అంటారు. పేరేదైనా అర్థం ఒక్కటే. అది ఊరుమ్మడి భూమి.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, కిందటి నెల మా రైతు వేదికలో కందుల మీద సమావేశం అయిపోయి అందరూ లేచిపోతున్న వేళ, నా క్లస్టరులోని ఒక ఊరి పెద్దమనుషులు నలుగురు నన్ను ఆపి కూర్చోబెట్టారు. ఆ ఊరి పంచాయతీకి కరెంటు బాకీ పేరుకుపోయింది. చెత్త ఎత్తే ట్రాక్టరు మీద వాయిదాలు ఉన్నవి. ఊడ్చేవాళ్ళకు జీతాలు రెండు నెలలుగా అందలేదు. ఊరికి పడమటగా 40 ఎకరాల బంచరాయి ఉన్నది. దాన్ని తెగనమ్మడమో, అది కుదరకపోతే పాతికేళ్ళ లీజుకు ఎవరికన్నా ఇవ్వడమో చేస్తే బాకీలన్నీ ఒక్క దెబ్బకు తీరిపోతాయని వారి ఆలోచన.

"ఉత్తగ పడున్న జాగనే గద సారూ, ఎవలకక్కెరకొస్తున్నది? మీరు సదువుకున్నోళ్ళు, ఒక మాట చెప్పుండ్రి" అన్నాడు అందులో ఒకాయన.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. పదేళ్ళ కిందట ఇట్లాంటి మాటకే వెంటనే జవాబు చెప్పి పొరపాటు చేసినవాణ్ణి. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు, ఇదే ఆలోచన మనకన్న ముందు చేసిన ఒక దేశం సంగతి చెబుతాను. మనం కొత్తగా పడబోయే గోతిలో ఇంకొకరు ముందే పడి ఉంటే, ఆ గోతి లోతెంతో వారిని అడిగి తెలుసుకోవడం మంచిది గదా!

ఆ దేశం ఇంగ్లండు. అక్కడ జిల్లాను కౌంటీ అంటారు. కౌంటీ కౌన్సిలంటే కొంచెం హెచ్చుతగ్గుగా మన జిల్లా పరిషత్తు లాంటిదన్నమాట. పంతొమ్మిదవ శతాబ్దపు చివర అనగా 1890 ప్రాంతాలలో అక్కడి పల్లెల్లో భూమంతా పెద్ద పెద్ద జమీందారుల చేతుల్లో ఉండేది. సేద్యం చేసే ఒడుపు ఉన్నా సెంటు భూమి లేని కూలీలు పల్లె విడిచి పట్టణాలకు పోతుండేవారు. దానికి మందుగా 1892లో ఒక చట్టం, 1908లో ఇంకొక చట్టం చేసి, కౌంటీ కౌన్సిళ్ళు భూములు కొని చిన్న చిన్న కమతాలుగా కౌలుకివ్వాలని ఏర్పాటు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, యుద్ధం నుంచి తిరిగివచ్చిన సిపాయిలకు భూమి చూపించడానికి ఈ పనిని ఇంకా విస్తరింపజేశారు. ఆ విధంగా ఏర్పడిన వాటినే కౌంటీ ఫారములంటారు.

ఈ ఏర్పాటులో ఒక మంచి కిటుకు ఉన్నది. ఇంగ్లండులో భూమి కొని సేద్యం మొదలుపెట్టడం సామాన్యుని తరం కాదు. తాతల ఆస్తి లేని యువకుడు కౌన్సిలు వారి చిన్న ఫారం ఒకటి కౌలుకు తీసుకొని, నాలుగు పాడి ఆవులు పెట్టుకొని, కొన్నేళ్ళకు కాస్త నిలదొక్కుకొని, ఆ తర్వాత పెద్ద ఫారానికి వెళ్ళవచ్చును. ఖాళీ అయిన చిన్న ఫారం ఇంకొక కొత్తవానికి దొరుకుతుంది. అనగా అది నిచ్చెనకు మొదటి మెట్టు వంటిది. కౌలు డబ్బు ఏటేటా కౌన్సిలుకు వస్తుంది. భూమి మాత్రం కౌన్సిలుదిగానే ఉంటుంది.

ఇప్పుడు లెక్క వినండి. 1977లో ఇంగ్లండు మొత్తం మీద ఈ కౌంటీ ఫారముల విస్తీర్ణం సుమారు 4 లక్షల 26 వేల ఎకరాలు. 2017 నాటికి అది సుమారు 2 లక్షల 15 వేల ఎకరాలకు దిగింది. నలభై ఏళ్ళలో సగం పోయింది! వరద వచ్చి కోసుకుపోలేదు, శత్రువు వచ్చి ఆక్రమించలేదు. కౌన్సిళ్ళు తామే ముక్కముక్కగా అమ్ముకున్నవి.

ఎందుకు అమ్మారు? ఇక్కడ ధర్మంగా మాట్లాడాలి. అమ్మినవారందరూ దుర్మార్గులు కారు. ముఖ్యంగా 2010 తర్వాత పై ప్రభుత్వం నుంచి కౌన్సిళ్ళకు వచ్చే గ్రాంటులు బాగా తగ్గిపోయినవి. దిక్కులేని ముసలివారిని చూసుకోవాలి, రోడ్లు వేయాలి, గ్రంథాలయాలు నడపాలి. ఫారముల మీద ఇళ్ళు పాతబడి మరమ్మతు ఖర్చులు మీద పడుతున్నవి. అటువంటి సమయంలో లెక్కలు చూసే అధికారి కంటికి అన్నిటికంటే సులభంగా ఆనేది భూమే. హెర్‌ఫర్డ్‌షైర్ అనే చోట కౌన్సిలు వారు 2015లో తమ ఫారములను అమ్మివేయాలని నిర్ణయించి, ఆ తర్వాతి రెండు మూడేళ్ళలో చాలా మటుకు అమ్మివేశారు.

ఆ దేశంలో ఒక పాత కట్టుబాటు ఉండేది. ఆస్తి అమ్మగా వచ్చిన డబ్బుతో మళ్ళీ ఆస్తే సంపాదించాలి, లేదా అప్పు తీర్చాలి. అంతేగాని రోజువారీ ఖర్చులకు వాడరాదు. మన పెద్దలు కూడ విత్తనపు గింజలు వండుకు తినకూడదు అంటారు, అదే సూత్రం. అయితే 2016 నుంచి ఆ కట్టుబాటును కొంత సడలించి, ఖర్చు తగ్గించే మార్పుల పేరిట కొన్ని పనులకు ఆ డబ్బు వాడుకోవచ్చునన్నారు. కట్టుబాటు సడలితే ఏమవుతుందో మనకు తెలిసిందే. కట్టకు ఎలుక బొక్క పడ్డట్టు.

అదే దేశంలో ఇంకొక రకం కౌన్సిలు కూడ ఉన్నది. కేంబ్రిడ్జ్‌షైర్ కౌంటీ వారు 33 వేల ఎకరాలకు పైబడిన తమ ఫారములను నిలబెట్టుకున్నారు. ఇంగ్లండులో అంత భూమి ఏ ఇతర కౌన్సిలు చేతిలోనూ లేదు. దాని మీద ఏటేటా కౌలు వస్తున్నది, ఆ కౌలు కౌన్సిలు పనులకు ఉపయోగపడుతున్నది. ఒకరు ఆవును అమ్మి ఒక్కసారి డబ్బు తెచ్చుకున్నారు, ఇంకొకరు ఆవును మేపి ఏటేటా పాలు పిండుకుంటున్నారు.

సోదరులారా, ఇందులో మనం పట్టుకోవలసిన సంగతి ఒక్కటే. కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది. జీతాలు ప్రతి నెలా ఇవ్వాలి. భూమిని మాత్రం ఒక్కసారే అమ్మగలం. ఏటేటా వచ్చే ఖర్చును ఒక్కసారి వచ్చే డబ్బుతో పూడ్చబోతే, రెండేళ్ళకో మూడేళ్ళకో డబ్బు అయిపోతుంది, బిల్లు మాత్రం మళ్ళీ వస్తుంది. అప్పటికి అమ్మడానికి భూమి ఉండదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఊరికే అనలేదు.

ఇక నా పొరపాటు సంగతి చెబుతాను.

నేను డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక ఊరి పంచాయతీకి 12 ఎకరాల చింతతోపు ఉండేది. ఏటా కాయ వేలం వేస్తే పంచాయతీకి కొంత డబ్బు వచ్చేది. పెద్ద మొత్తమేమీ కాదు. ఎండాకాలం ఊరి పశువులన్నీ మధ్యాహ్నం పూట ఆ నీడనే నిలబడేవి. ఒక ఏడు వీధిదీపాల బాకీ పెరిగి, ఊరికి కరెంటు ఆపుతామన్నారు. పంచాయతీలో ఇద్దరు ముగ్గురు లేచి, చెట్లు కొట్టించి కలప అమ్ముదాం, ఖాళీ అయిన నేలను ఇటుక బట్టీలకు ఐదేళ్ళు లీజుకిద్దాం అన్నారు. నన్ను అడిగారు. ముదురు చెట్లు, కాపు తగ్గింది, నేల ఎటూ సేద్యంలో లేదు, అంత నష్టమేమీ కాదు అని చెప్పినాను. కొత్తగా వచ్చిన ఆఫీసరు మాటని అందరూ తలలూపారు.

ఆ సభలో ఒక కురుమ పెద్దాయన మూలకు కూర్చుని ఉన్నాడు. అందరూ లేచాక నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, చెట్టుకు కాపు తగ్గిందన్నవు, నీడ తగ్గిందా?" అని అడిగినాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

చెట్లు పోయినవి. బాకీ తీరింది. బట్టీల వారు పైమన్ను తవ్వుకుంటూ పోయారు. ఒక అంగుళం పైమన్ను తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. దాన్ని వారు ఐదేళ్ళలో మనిషి నిలువు లోతు తీసివేశారు. లీజు గడువు ముగిసి భూమిని పంచాయతీకి అప్పగించారు. కాగితం మీద 12 ఎకరాలూ భద్రంగా ఉన్నవి. చూడబోతే అక్కడ ఉన్నది గొయ్యి. వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, ఎండాకాలం పెళ్ళలు లేస్తాయి, గడ్డి మొలవదు. కరెంటు బాకీ మాత్రం మూడో ఏడుకే మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ పెద్దాయన మంద అమ్మివేసి కొడుకు దగ్గరకు పట్నం పోయాడని తర్వాత తెలిసింది. అందుకు తోపు ఒక్కటే కారణమని నేను అనను. కాని ఆయన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

అప్పటి నుంచి నాకు తెలిసివచ్చినది ఏమంటే, భూమిని అమ్మడమంటే రిజిస్ట్రారు కచేరీలో సంతకం పెట్టడం ఒక్కటే కాదు. దీర్ఘకాలపు లీజు ఒక అమ్మకమే. పైమన్ను అమ్మడం అంతకంటే పెద్ద అమ్మకం. హద్దురాయి జరుగుతుంటే చూసి చూడనట్టు ఊరుకోవడం కూడ అమ్మకమే, కాకపోతే అందులో ఊరికి రూపాయి కూడ రాదు.

"ఉత్తగ పడున్న జాగ" అన్న మాటను కూడ ఒకసారి విచారించి చూద్దాం. 1998లో జాతీయ నమూనా సర్వే వారు దేశమంతటా ఊరుమ్మడి వనరులను లెక్క కట్టారు. దేశ భూభాగంలో సుమారు 15 శాతం ఇటువంటి ఉమ్మడి భూములేనని తేలింది. పల్లె కుటుంబాలలో దాదాపు సగం మంది కట్టెలో, మేతో, కాయో, ఆకో ఏదో ఒకటి అక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు. ఐదేళ్ళకొకసారి లెక్క చూస్తే వెయ్యి హెక్టార్లకు 19 హెక్టార్ల చొప్పున తరిగిపోతున్నవని కూడ వారే చెప్పారు. అంతకు ముందే ఎన్.ఎస్. జోధా అనే ఆర్థిక శాస్త్రవేత్త మన ఆంధ్ర దేశపు ఊళ్ళతో సహా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల పల్లెలు తిరిగి చూశారు. 1950 తొలి రోజులకూ 1982–84కూ నడుమ ఉమ్మడి భూములు చాలా చోట్ల మూడో వంతు మొదలు సగం దాకా తగ్గినవని తేల్చారు. ఆ భూమి మీద ఎక్కువగా ఆధారపడేది భూమి లేని పేదవారేనని కూడ వారి పరిశీలనలో తేలింది.

ఇక మన గొర్రెల సంగతి చూడండి. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు 1 కోటి 90 లక్షలకు పైగా ఉన్నట్లు తేలింది. అది దేశంలోకెల్లా మొదటి స్థానం. అంతకు రెండేళ్ళ ముందు, 2017లో, గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద పంచిపెట్టడం మొదలుపెట్టారు. మంచిదే. కాని గొర్రె లారీలో వస్తుంది, మేత లారీలో రాదు. ఒక చేత్తో గొర్రెను ఇచ్చి ఇంకొక చేత్తో బంచరాయి తీసుకుంటే, ఆ గొర్రె ఎవరి చేనులో పడుతుంది? కాపరికీ రైతుకూ తగవు అక్కడే పుడుతుంది.

ఇప్పుడు మనం 40 ఎకరాలకు చిన్న లెక్క వేద్దాం. నేను ఉద్దేశపూర్వకంగా తక్కువగానే వేస్తాను. బాగుచేసి గడ్డి పెంచిన బీడులో ఎకరానికి ఏడాదికి 3 టన్నుల పచ్చిమేత వచ్చిందనుకుందాం. 40 ఎకరాలకు 120 టన్నులు, అనగా 1 లక్షా 20 వేల కిలోలు. గొర్రెకు రోజుకు 4 కిలోలనుకుంటే 250 గొర్రెలకు 120 రోజుల మేత అది. నాలుగు నెలలన్నమాట. అదే మేత కిలో 2 రూపాయల చొప్పున కొనవలసి వచ్చిందనుకోండి, 2 లక్షల 40 వేల రూపాయలు. ఈ డబ్బు పంచాయతీ పద్దులో ఎక్కడా కనపడదు, ఎందుకంటే అది కాపరి ఇంట్లో, పాడి పెట్టుకున్న ఆడపడుచు ఇంట్లో మిగులుతున్నది. పద్దులో కనపడనంత మాత్రాన లేదనుకోవడం పొరపాటు. పైపెచ్చు ఇది ఏటేటా వచ్చేది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈరోజు ఆ 40 ఎకరాల్లో అంత గడ్డి లేదు. తంగేడు, వావిలి, అక్కడక్కడ సర్కారు తుమ్మ, మిగతాది రాళ్ళు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. అందరిదీ అనుకున్నది ఎవరూ చూడక పాడైపోతుంది. పాడైపోయింది కనుక అమ్ముదాం అంటారు. పాడు చేసుకున్నది మనమే గనుక బాగు చేసుకునే పని కూడ మనదేనని నేనంటాను. ఆ పని ఎట్లా చేయాలో చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి.

మొట్టమొదట హద్దులు. పంచాయతీ వారు తహసీలు కచేరీ నుంచి ఆ సర్వే నంబరు పహాణీ, టిప్పన్, నక్షా నకళ్ళు తెచ్చుకొని, సర్వేయరు చేత కొలిపించి, ఊరివాళ్ళ ఎదుట హద్దురాళ్ళు నాటించాలి. చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టి గట్టు మీద గచ్చపొద గాని కిత్తనార గాని నాటితే మూడేళ్ళకు జీవకంచె అవుతుంది.

రెండవది, బీడును రెండు భాగాలు చేయండి. మొత్తం ఒకేసారి మూసివేస్తే కాపరులకు ఉన్న ఆధారం కూడ పోతుంది, వారు మీకు ఎదురు తిరుగుతారు. అది న్యాయం కూడ కాదు. ముందు 20 ఎకరాలు రెండు వానాకాలాలు మూసి ఉంచండి, మిగతా 20 ఎకరాలు మేపుకోనివ్వండి. తర్వాత అటుదిటు చేయండి.

మూడవది గడ్డి. మెట్ట నేలలకు స్టైలో, అంజన్ గడ్డి కలిపి వేయడం మంచిది. స్టైలో పప్పుజాతిది కనుక మాంసకృత్తులు ఎక్కువ, నేలకు నత్రజని కూడ ఇస్తుంది. దాని గింజకు పైపొర గట్టిగా ఉంటుంది, అట్లాగే చల్లితే సరిగ్గా మొలవదు. కాబట్టి 80 డిగ్రీల వేడి నీటిలో, అంటే బాగా పొగలు కక్కుతూ ఇంకా మరుగుపట్టని నీటిలో, 4 నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెట్టండి. తొలకరి పడగానే నేలను గుంటకతో పైపైన గీరి, ఎకరానికి 3 నుంచి 4 కిలోల గింజ ఇసుకలో కలిపి చల్లండి. లోతుగా పడితే మొలక రాదు. మొదటి ఏడు పశువును తోలకండి, గింజ రాలనివ్వండి. రెండవ ఏడు కోసుకొని మేపవచ్చును.

నాలుగవది చెట్లు. గట్ల మీద, వాలు అడుగున అవిశ, సుబాబుల్, నల్లతుమ్మ, చింత నాటండి. ఎండాకాలంలో గడ్డి ఎండిపోయినా ఆకుమేత ఉంటుంది. సుబాబుల్ ఆకు మాత్రం మొత్తం మేతలో మూడో వంతుకు మించి పెట్టకూడదు. మించితే జీవానికి వెంట్రుక రాలడం మొదలవుతుంది.

ఐదవది, అన్నిటికంటే ముఖ్యమైనది, మనుషులు. గొల్ల కురుమలు, పాడి పెట్టుకున్న ఆడవారు, భూమి లేని కూలీలు, వీరితో ఒక సంఘం పెట్టి కాపలా, కోత, మేపే వంతులు వారికే అప్పగించండి. తలకింత అని చిన్న రుసుము కూడ పెట్టుకోవచ్చును. పంచాయతీకి రాబడి కావాలంటే సీతాఫలం కాయ, చింతకాయ, మిగులు గడ్డి వేలం వేయండి. కాయను అమ్మండి, చెట్టును అమ్మకండి. గడ్డిని అమ్మండి, నేలను అమ్మకండి.

మరి కరెంటు బాకీ మాటేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఊళ్ళో నేను ఒక సాయంత్రం పెద్దమనుషులతో కలిసి తిరిగి చూశాను. వీధిదీపాలు సగం పగలు కూడ వెలుగుతున్నవి, స్విచ్చి వేసి తీసే మనిషి లేడు. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆడుతూనే ఉన్నది. ఇంటిపన్ను బాకీలు చూస్తే పెద్ద పెద్ద మేడల వారివే ఎక్కువ. ఈ మూడూ చక్కబెడితే మొత్తం బాకీ తీరుతుందని నేను చెప్పను. కాని కన్నం పూడ్చకుండా కుండలో నీళ్ళు పోయడం దండగ గదా. మిగతా బాకీకి వాయిదాలు అడగాలి, రావలసిన గ్రాంటు కోసం పైవారిని గట్టిగా అడగాలి. పై నుంచి రావలసిన డబ్బు రాలేదని ఊరి భూమిని అమ్ముకుంటే, ఆ నష్టం పైవారికి కాదు, ఊరికే.

చట్టం సంగతి కూడ రెండు ముక్కలు చెప్పాలి. పంజాబులోని పటియాలా జిల్లాలో ఒక ఊరి చెరువును కొందరు పూడ్చి ఇళ్ళు కట్టుకున్న తగాదాలో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న తీర్పు చెప్పింది. జగ్‌పాల్ సింగ్ కేసు అంటారు దాన్ని. గ్రామసభల, పంచాయతీల ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించి, ఆ భూములను మళ్ళీ ఊరి ఉమ్మడి వాడకానికి అప్పగించేందుకు అన్ని రాష్ట్రాలూ పథకాలు వేసుకోవాలని అందులో ఆదేశించారు. అదే ఏడు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆస్తుల రక్షణకు నియమాలు కూడ వచ్చినవి. పంచాయతీ తలచుకున్నంత మాత్రాన ఊరి బీడును అమ్ముకోవడానికి వీలు లేదు. కాబట్టి ఎవరైనా "తీర్మానం చేసిపెట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అని వస్తే, ఆ మిగతాది ఏమిటో అడగండి. మీ ఊరి ఉమ్మడి భూముల సర్వే నంబర్లు రిజిస్ట్రేషను చేయరాని 22-ఏ జాబితాలో ఉన్నవో లేవో చూసుకోండి. లేకపోతే చేర్చమని అర్జీ పెట్టండి.

ఉమ్మడి భూమిని ఎన్నడూ ఎవరికీ ఇవ్వరాదని నేను అనడం లేదు. ఇల్లు లేనివానికి జాగా కావాలి, బడి కావాలి, దవాఖానా కావాలి. ఊరి అవసరానికి ఊరి భూమి పనికిరావలసిందే. అటువంటి అవసరం రేపు కూడ వస్తుంది. హైదరాబాదు పక్కన కోకాపేట ఒకప్పుడు మన ఊళ్ళ వంటి ఊరే. 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ భూమిని వేలం వేస్తే ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. అంత ధర వచ్చిందని సంతోషించేవారు సంతోషించారు. కాని రేపు అక్కడ ఒక బడికో, ఆటస్థలానికో ఎకరం కావాలంటే ఆ ధర పెట్టి ఎవరు కొంటారు? అమ్మేటప్పుడు పలికే ధరే తిరిగి కొనేటప్పుడు మన మెడకు చుట్టుకుంటుంది.

కనుక మీ గ్రామసభలో ఈ మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి: ఈ డబ్బు ఏటా వచ్చే ఖర్చుకా, లేక ఎప్పటికీ నిలిచే పనికా? రెండు: ఈ భూమి మీద ఈనాడు బతుకుతున్నవారెవరు, వారు ఈ సభలో ఉన్నారా, వారిని మాట్లాడనిచ్చామా? మూడు: ఇరవై ఏళ్ళ తర్వాత ఇదే భూమి ఊరికి కావలసివస్తే తిరిగి సంపాదించగలమా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే అప్పుడు ఆలోచించండి. దొరకకపోతే ఆ కాగితం మీద వేలిముద్ర వేయకండి.

నన్ను అడిగిన ఆ ఊళ్ళో ఈ నెలాఖరున గ్రామసభ ఉన్నది. నేను వెళుతున్నాను. నా జవాబు వారికి ముందుగానే చెప్పినాను: ముందు ఒక్క ఎకరంలో స్టైలో చల్లి చూద్దాం, గింజ నేను తెప్పిస్తాను, వచ్చే వానాకాలం తర్వాత మాట్లాడుకుందాం అని. వింటారో వినరో తెలియదు. బాకీ గట్టిగానే తరుముతున్నది. కాని ఈసారి మూలకు కూర్చున్నవారిని ముందుకు పిలిపించి, వారు మాట్లాడిన తర్వాతనే నేను మాట్లాడతానని మాత్రం నిశ్చయించుకున్నాను.

మీ ఊళ్ళో బంచరాయి ఎన్ని ఎకరాలో మీకు తెలుసునా? తెలియకపోతే రేపు పొద్దున్నే వెళ్ళి అడగండి. పని అక్కడే మొదలవుతుంది.